తమ్ముడి మెదడులో క్యాండిడా: మేనరికం వల్లేనా?

మలక్‌పేట అక్క:
మా తమ్ముడికి 24. షుగర్ లేదు, హెచ్‌ఐవీ లేదు. రెండు నెలలు తలనొప్పి అంటే కంప్యూటర్ వల్లేనని కళ్లజోడు మార్పించాం. ఫిట్స్ వచ్చాక ఎంఆర్‌ఐలో గడ్డలు కనిపించాయి. ముందు టీబీ మందులు వేశారు, ఆఖరికి బయాప్సీలో క్యాండిడా అనే ఫంగస్ అని తేలింది. ఇప్పుడు యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఎక్కిస్తున్నారు. పొటాషియం పడిపోతోందని రోజూ రక్తం తీస్తున్నారు.

నిన్న కొత్త డాక్టరమ్మ వచ్చి, చిన్నప్పుడు నోట్లో తెల్లపూత వచ్చేదా, తామర మొండికేసేదా అని అడిగారు. రెండూ ఉండేవి. తర్వాత మేనరికమా అన్నారు. మా నాన్న అమ్మకి సొంత మేనమామ. అప్పటి నుంచి అమ్మ అన్నం ముట్టడం లేదు. కార్డ్9 అనే జన్యు పరీక్ష రాశారు, ఇమ్యూనోథెరపీ అనే మాటా వచ్చింది. అది క్యాన్సర్‌కి కదా? పెదనాన్న అయితే ఇమ్యూనిటీ కషాయం ఫ్లాస్కులో పోసి పంపుతున్నాడు.

ల్యాబ్ మనిషి:
డాక్టరమ్మ సరైన దారిలోనే ఉన్నారండీ. కార్డ్9 లోపాన్ని 2009లో ఒక ఇరాన్ కుటుంబంలో గుర్తించారు. ఇది ఉన్నవాళ్లు వైరస్‌లనీ బ్యాక్టీరియానీ మామూలుగానే తట్టుకుంటారు, ఫంగస్ దగ్గరే దెబ్బతింటారు. మెదడులోకి క్యాండిడా చేరితే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలకి కబురు వెళ్లాలి. ఆ కబురే సరిగా వెళ్లదు. రక్తపరీక్షలో వాటి సంఖ్య బాగానే కనిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఇక్కడ ఇమ్యూనోథెరపీ అంటే జీ-సీఎస్‌ఎఫ్, జీఎం-సీఎస్‌ఎఫ్ లాంటి ఇంజెక్షన్లు. కీమో తర్వాత తెల్లకణాలు పెరగడానికి ఇచ్చేవే. మందులకి లొంగని కొందరికి ఇవి పనిచేశాయి, అందరికీ కాదు. యాంటీఫంగల్ మాత్రం ఆపకూడదు. కషాయం దయచేసి ఆపండి. కిడ్నీల మీద ఇప్పటికే యాంఫోటెరిసిన్ భారం ఉంది.

లోపం ఉన్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ రావాలి. అమ్మానాన్నలిద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకుండానే ఒక్కో లోపం జన్యువు మోస్తుంటే, మీకూ ఆ లోపం ఉండే అవకాశం నాలుగింట ఒకటి. మీరూ అడిగి పరీక్ష చేయించుకోండి.

ఉప్పల్ వాసి:
మా ఆయనకి వచ్చింది క్రిప్టోకోకస్ అనే ఇంకో ఫంగస్, హెచ్‌ఐవీ లేకుండానే. ఆయన ఒంట్లోనే జీఎం-సీఎస్‌ఎఫ్‌ని అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నాయట. జన్యువు కాదు, మేనరికమూ కాదు. కాబట్టి రిపోర్ట్ రాకముందే అమ్మగారి మీద నేరం మోపకండి. నడుములోంచి నీరు తీసినప్పుడల్లా ఆయనకి తలనొప్పి దిగేది. ఒత్తిడి తగ్గడమే అసలు వైద్యంలో సగం అనిపించేది నాకు. మీ తమ్ముడిది వేరే జబ్బు, మా చీటీ చూసి ఏదీ అడగకండి.

మలక్‌పేట అక్క:
థాంక్సండీ. ఫ్లాస్కు వెనక్కి పంపాను, పెదనాన్న అలిగాడు. నా రక్తం కూడా ఇచ్చాను. నాకు తామర ఎప్పుడూ రాలేదు, అయినా టెన్షన్‌గానే ఉంది. డాక్టరమ్మకి తమ్ముడి చిన్నప్పటి మందుల చీటీలు కావాలట. నల్గొండ ఇంట్లో బీరువా వెతకడానికి బాబాయి పొద్దున్నే బస్సెక్కాడు.