గాజు నార నైలాన్: టీజీఏలో (వేడి చేస్తూ బరువు కొలిచే పరీక్ష) మిగులు ప్రతి రన్‌కీ మారుతోంది, ఏ అంకె నమ్మాలి?

నారలెక్క:
30 శాతం గాజు నార కలిపిన నైలాన్ 66 గుళికలు. శాంపిల్ 8 మి.గ్రా., నత్రజని నిమిషానికి 50 మి.లీ., వేగం నిమిషానికి 20 డిగ్రీలు, చివరికి 800 డిగ్రీలు. మూడు రన్‌లలో మిగిలింది 28.4, 31.8, 33.1 శాతం. పాన్‌లో మిగిలింది నల్లగా ఉంది. తప్పు పరికరానిదా, పద్ధతిదా?

సన్నత్రాసు:
పరికరాన్ని ఇప్పుడే అనుమానించకండి. 8 మి.గ్రా. అంటే గుళిక నుంచి గిల్లిన చిన్న తునక. కోత ఎక్కడ పడిందో దాన్నిబట్టి అందులో నార ఎక్కువో తక్కువో వస్తుంది. గుళికను అడ్డంగా, పూర్తి మందం వచ్చేలా పల్చటి బిళ్లగా కోయండి. కోసేటప్పుడు రాలిన నార పొడిని వదిలేయొద్దు, అది కూడా పాన్‌లోకే వెళ్లాలి. ఐదు గుళికలకు ఐదు రన్‌లు చేసి, సగటుతో పాటు తేడా కూడా రాయండి. అప్పటికీ తేడా తగ్గకపోతే మఫిల్ ఫర్నేస్‌లో (మూసి ఉండే కరెంటు కొలిమి) 2 నుంచి 5 గ్రాములు, 600 డిగ్రీల దగ్గర, బరువు కదలకుండా నిలిచేదాకా కాల్చి పోల్చండి.

ఇంకొకటి, నైలాన్ తేమ పీలుస్తుంది. 150 డిగ్రీల లోపు పోయిన బరువు నీళ్లదే. అది 2.4 శాతం, మిగులు 29.3 శాతం అనుకోండి: 29.3ను 0.976తో భాగిస్తే ఎండిన పదార్థంలో 30.0 శాతం. తేమతో ఒక రోజు, ఎండబెట్టి ఒక రోజు తూచిన అంకెలను పక్కపక్కన పెడితే అవి ఎప్పటికీ కలవవు.

బూడిదరంగు:
నలుపు అంటే కార్బన్ ఇంకా ఉందని. నత్రజనిలో పాలిమర్ మొత్తం పోదు, కొంత బొగ్గుగా మిగులుతుంది. గుళికలే నల్లవైతే కార్బన్ బ్లాక్ (నల్ల రంగు కోసం కలిపే కార్బన్ పొడి) కూడా అందులోనే ఉంటుంది. నత్రజనిలో 600 దాకా తీసుకెళ్లి, అక్కడే ఉష్ణోగ్రత ఆపి, 5 నిమిషాల తర్వాత గాలికి మార్చండి. ఆ మెట్టులో పోయేది బొగ్గు, కార్బన్ బ్లాక్ కలిపి. నార, కార్బన్ బ్లాక్ రెండూ లేని అదే నైలాన్‌ను విడిగా నడిపితే దాని బొగ్గు ఎంతో తెలుస్తుంది, తేడా కార్బన్ బ్లాక్‌ది. వేడెక్కుతూ ఉండగానే గాలి వదిలితే బొగ్గు ఒక్కసారిగా అంటుకుని ఉష్ణోగ్రత పైకి దూకుతుంది, తేలిక బూడిద ఎగిరిపోతుంది.

800 దాకా వెళ్లాల్సిన పని లేదు. ఇ-గ్లాస్ (మామూలుగా వాడే గాజు నార రకం) 840 దరిదాపుల్లో మెత్తబడుతుంది. ఆ దగ్గరకు వెళ్తే నార అతుక్కుని పాన్ పాడవుతుంది.

సన్నత్రాసు:
కాల్షియం కార్బొనేట్ ఫిల్లర్ (ప్లాస్టిక్‌లో కలిపే పొడి) ఉంటే మాత్రం జాగ్రత్త. అది సుమారు 600 నుంచి 800 మధ్య తన బరువులో 44 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా వదులుతుంది. 600లో ఎక్కువసేపు ఆపితే అక్కడే విడిపోవడం మొదలై కార్బన్ మెట్టులో కలిసిపోతుంది. అలాంటప్పుడు 550లోనే కాల్చి, తర్వాత పైకి వెళ్లండి. చివరి మెట్టు 4.4 శాతం అయితే ఫిల్లర్ 10 శాతం.

రెసిన్‌బల్ల:
ఇవన్నీ నిక్కంగా ఉన్నా అంకె జారుతుంటే బ్లాంక్ (ఖాళీ పాన్ రన్) చూడండి. వేడికి గ్యాస్ పల్చబడి, ఖాళీ పాన్ కూడా బరువు పెరిగినట్టు చూపిస్తుంది. 40 మైక్రోగ్రాములు జరిగినా 8 మి.గ్రా.లో అర శాతం. అదే పాన్, అదే వేగం, అదే గ్యాస్ ప్రవాహంతో ఖాళీ రన్ చేసి తీసేయండి.

తర్వాత లీకు. నత్రజనిలో 700 దగ్గర కార్బన్ బ్లాక్‌ను అరగంట ఉంచండి. గీత అడ్డంగా నిలవాలి. దిగుతూ ఉంటే ఆక్సిజన్ వస్తోంది: ఓ-రింగ్ (రబ్బరు సీలు), సిలిండర్ జాయింట్, లేదా ఫర్నేస్ మూసిన వెంటనే మొదలుపెట్టడం. 20, 30 నిమిషాలు పర్జ్ (లోపలి గాలిని నత్రజనితో తరమడం) ఇచ్చాకే వేడి పెట్టండి.

నారలెక్క:
తర్వాతి పని కార్బన్ నార కలిపిన ఎపాక్సీ రెసిన్. దానికీ గాలి మెట్టు పనికొస్తుందా?

రెసిన్‌బల్ల:
వద్దు. గాలిలో నార కూడా కాలిపోతుంది, బొగ్గుకూ నారకూ మధ్య గీత తెగదు. మొత్తం నత్రజనిలోనే ఉంచండి. అదే విధంగా క్యూర్ చేసిన (గట్టిపరిచిన) ఒట్టి రెసిన్‌ను అదే ప్రోగ్రామ్‌లో నడిపి దాని బొగ్గు తీసుకోండి. కాంపోజిట్ (నార, రెసిన్ కలిసినది) మిగులు 70, రెసిన్ బొగ్గు 15 అయితే (70 − 15) ÷ (100 − 15), అంటే 64.7 శాతం నార, బరువు లెక్కన. ఇక్కడ లీకు ఉంటే లెక్కంతా పోతుంది, కాబట్టి కార్బన్ బ్లాక్ పరీక్ష ముందే చేయండి.

నారలెక్క:
గాజు నార శాంపిల్ 600లో గాలి ఇచ్చాక పైన తెల్లబడింది, అడుగున మాత్రం బూడిద మచ్చ ఉంది.

బూడిదరంగు:
అడుగుకి గాలి అందలేదు. బిళ్ల ఇంకా పల్చగా కోసి పాన్‌లో పరిచినట్టు పెట్టండి, ఆపే సమయం ఇంకో 10 నిమిషాలు పెంచండి. బరువు గీత చదునయ్యాకే రన్ ముగించండి, గడియారం చూసి కాదు.