నాన్నని బుద్ధగయ తీసుకెళ్లాలి, మోకాళ్ల నొప్పులతో నాలుగు చోట్లూ తిరగగలరా?

గాజువాక_అమ్మాయి:
అందరికీ నమస్తే. నాన్నకి 67 ఏళ్లు, ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. మా ఇంట్లో బుద్ధుడి ఫొటో, అంబేద్కర్ ఫొటో పక్కపక్కనే ఉంటాయి. బుద్ధ పూర్ణిమ వస్తే తెల్లారకుండానే స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని పంచశీల చదువుకుంటారు. "ఒక్కసారి బోధిచెట్టు కింద కూర్చోవాలమ్మా" అని నా చిన్నప్పటినుంచీ అంటూనే ఉన్నారు. మా చదువులు, అక్క పెళ్లి, ఇంటి లోను, ఏదో ఒకటి అడ్డొచ్చి ఆగిపోయింది. మొన్న బీరువా సర్దుతుంటే ఆయన పాత డైరీ దొరికింది. చివరి పేజీలో లుంబిని, బుద్ధగయ, సారనాథ్, కుశీనగర్ అని వరసగా రాసుకున్నారు, పక్కన పెన్సిల్‌తో స్లీపర్ ఛార్జీ. అది కొట్టేసి మళ్లీ రాశారు, మళ్లీ కొట్టేసి మళ్లీ రాశారు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

ఇప్పుడు నా దగ్గర డబ్బు ఉంది, పది రోజుల సెలవు దొరుకుతుంది, అమ్మ కూడా వస్తుంది. టెన్షన్ అంతా మోకాళ్ల గురించే. నడవొచ్చు కానీ మెట్లు తగ్గించమన్నారు డాక్టర్. నాలుగు చోట్లూ చూపించగలనా? ఏ నెలలో వెళ్లాలి?

ఉప్పుగాలి:
నేను మా అమ్మని తీసుకెళ్లాను, కాబట్టి చెప్తున్నా. ఆరు రోజుల్లో నాలుగూ, పైగా రాజగిరి, నలంద కూడా పెట్టుకున్నాం. అది తప్పు. అమ్మకి గుర్తున్నదంతా కారు కిటికీయే. రాజగిరిలో రోప్‌వే ఉంది కదా, బుద్ధుడు ఉపదేశాలు చేసిన గృధ్రకూటం కొండ సులువే అనుకున్నా. రోప్‌వే విశ్వశాంతి స్తూపం దగ్గర దింపుతుంది, అక్కణ్నుంచి గృధ్రకూటానికి మళ్లీ మెట్లు దిగి ఎక్కాలి. సగంలో అమ్మ కూర్చుండిపోయింది. మీ నాన్నగారికి ఆ ఒక్కటీ వద్దండి.

బుద్ధగయలో మాత్రం కనీసం రెండు రాత్రులు ఉండండి. మహాబోధి గుడి చుట్టూ ఉన్న నేలకన్నా పల్లంలో ఉంటుంది, కొన్ని మెట్లు దిగాలి, నెమ్మదిగా దిగితే ఇబ్బంది లేదు. చెప్పులు బయటే, చలికాలం పొద్దున రాళ్లు ఐసులా ఉంటాయి, మందపాటి సాక్సులు పెట్టుకోండి. ఫోన్లు లోపలికి రానివ్వరు, అదే మంచిదైంది మాకు. రెండోరోజు తెల్లవారుజామున చెట్టు దగ్గర కూర్చుంటే ఒక ఆకు రాలి అమ్మ ఒళ్లో పడింది. తోకలా సన్నగా సాగిన కొనని వేలితో నిమురుతూ గంటసేపు మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ ఆకు ఆమె పుస్తకంలో ఉంది.

రుషికొండ_రవాణా:
పై మాటతో సగమే ఒప్పుకుంటాను, రాజగిరి వదిలేయొచ్చు కానీ నాలుగు చోట్లూ చూడాల్సిందే. ఆ నాలుగు చోట్లూ బుద్ధుడు పరినిర్వాణానికి ముందు ఆనందుడికి స్వయంగా చెప్పినవి: పుట్టిన చోటు లుంబిని, జ్ఞానం పొందిన చోటు బుద్ధగయ, మొదటి ధర్మోపదేశం చేసిన చోటు సారనాథ్, దేహం వదిలిన చోటు కుశీనగర్. డైరీలో నాలుగూ రాసుకున్న మనిషికి రెండే చూపిస్తే మిగిలిన రెండూ గుండెలో ముల్లులా ఉంటాయి. పది రోజులు చాలు, మిగతావి వదిలేయండి.

హౌరా మీదుగా గయ వెళ్లండి, గయ స్టేషన్ నుంచి బుద్ధగయ సుమారు 15 కిలోమీటర్లు. తర్వాత వారణాసి, అక్కడికి దగ్గర్లోనే సారనాథ్. ధమేఖ్ స్తూపం చుట్టూ పచ్చిక, చదునైన నేల, మోకాళ్లకి హాయి. నాలుగు సింహాల శిల్పం అసలుది మ్యూజియంలో ఉంది, శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి. తర్వాత గోరఖ్‌పూర్‌లో దిగి బస చేస్తే కుశీనగర్ 50 కిలోమీటర్ల పైచిలుకు. లుంబిని నేపాల్‌లో ఉంది, సునౌలి దగ్గర సరిహద్దు దాటాలి, వీసా అక్కర్లేదు. 65 దాటారు కాబట్టి నాన్నగారికి ఆధార్ సరిపోతుంది, మీకూ అమ్మగారికీ ఓటరు కార్డో పాస్‌పోర్టో ఉండాలి. అక్కడ అశోకుడి స్తంభం ముందు నాన్నగారిని కాసేపు నిలబెట్టండి. బుద్ధుడు ఇక్కడే పుట్టాడని, అందుకే ఈ ఊరికి పన్ను తగ్గించానని బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు.

ఫిబ్రవరి నా ఓటు. డిసెంబరు, జనవరి పొగమంచుకి అటు రైళ్లు గంటలకొద్దీ లేటు.

తొట్లకొండ_వాకర్:
టికెట్లు తీసే ముందు ఒకపని చేయండి. మన విశాఖ భీమిలి రోడ్డులో తొట్లకొండ మీదికి కారు వెళ్తుంది. పైన స్తూపం, విహారం గదుల పునాదులు, రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు చూస్తూ నాన్నగారు ఎంతసేపు నడవగలరో చూడండి. ఆ తొట్ల వల్లే కొండకి ఆ పేరు. రెండువేల ఏళ్ల కిందట భిక్షువులు ఉన్న చోటు, సముద్రం కనిపిస్తూ ఉంటుంది. మనవాళ్లు చాలామంది ఫొటోలు దిగి వచ్చేస్తారు, నాకది బాధ. ఇంకో ఆదివారం అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు చూపించండి, కాకపోతే అక్కడ మెట్లున్నాయి, కింద నుంచే చాలు.

గాజువాక_అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న తొట్లకొండ వెళ్లాం. నాన్న ముప్పావుగంట నడిచారు, రెండుసార్లు కూర్చున్నారు. ఫిబ్రవరిలో నాలుగూ, రాజగిరి లేకుండా, బుద్ధగయలో మూడు రాత్రులు అనుకున్నాం. అమ్మ ఓటరు కార్డులో ఇంటిపేరు తప్పుంది, అది రేపే దిద్దించడానికి అప్లై చేస్తాను. రాత్రి నాన్న డైరీ తీసి, పెన్సిల్ అంకెల కింద ఈసారి పెన్నుతో తారీఖు రాశారు.