కాటనుమా, కాటనమా?

కరకట్ట: స్నానసంకల్పంలో తాతయ్య చదివే, గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర మీది శ్లోకం బుర్ర తొలిచేస్తోంది. "స్మరామ్యాంగ్లేయ దేశీయం" తర్వాత "కాటనుం తం భగీరథం" అనేవారా, "కాటనం తం" అనేవారా? పనిలో పని, ఆ ఇంటిపేరుకి పత్తితో ఏమన్నా సంబంధముందా?

ఛందోవ్యసని: నుం అన్నా నం అన్నా ఛందస్సు లెక్కలో గురువే. గణాలతో తేలదు. మావాళ్ళు మాత్రం నుం.

పాతనిఘంటువు: పత్తితో చుట్టరికం లేదండీ. ఆ కాటన్ అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటిపేరు ఊరిపేరే. పాత ఇంగ్లీషులో "కాట్" గుడిసె, "కాటుమ్" అంటే గుడిసెల దగ్గర. ఆ "ఉమ్" విభక్తి, తర్వాత మకారం నకారమైంది. స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్, కేంబ్రిడ్జ్ పక్కన కోటన్ అలా వచ్చినవే. వేటూరువాళ్ళు వేటూరి అయినట్టు విభక్తితోనే స్థిరపడ్డ పేరు. మన దొర చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్ల వంశం.

గోదారోణ్ణి: కాట్ అంటే మన పశువుల కొట్టమే కదా!

పాతనిఘంటువు: అది జర్మానిక్, ఇది ద్రావిడం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడని వ్యుత్పత్తి కూడా రాసిచ్చేస్తామా మాష్టారూ?

సూత్రధారి: అసలు ప్రశ్నకి రండి. తెలుగులో హల్లు చివర నిలవదు కనక కాటన్ "కాటను" అయింది. ఉకారాంతం కాబట్టి గురుం లాగే కాటనుం. రాసినాయన తెలుగువాడని పట్టించే అక్షరం అదే. నం అనేది తర్వాతి పండితుల దిద్దుబాటు.

ఛందోవ్యసని: ఎవరు దిద్దారో మీరు పక్కనుండి చూశారా? అయినా "ఉమ్" ముందే ఉన్న పేరుకి మళ్ళీ "ఉం" తగిలించాడంటే ముచ్చటగానే ఉంది.

సూత్రధారి: పరాయి పేరుని ఇముడ్చుకోవడమంటే శ్రీనాథుడిది. హరవిలాసం కావ్యంలో అవచి తిప్పయ్య సెట్టి అనే వర్తకుడు సరుకులు తెప్పించే చోట్లు చెబుతూ బర్మా టెనాసెరిమ్‌ని "తరుణాసీరి" చేసేశాడు. ఊరిపేరులోకి యౌవనం వచ్చేసింది!

గోదారోణ్ణి: ఆహా, ఆ మత్తేభ పద్యం! అందులో "జోంగు" చైనావాళ్ళ జంక్ ఓడేనంటారా?

పాతనిఘంటువు: అదే. "సమ్మన్" కూడా సంపాన్ పడవే అని నా గట్టి నమ్మకం.

సూత్రధారి: నమ్మకం సరే, ఆ పకారం ఎటు పోయింది?

కరకట్ట: నాన్నమ్మకి ఫోన్ చేశానండీ. తాతయ్య "కాటన్నం తం" అనేవారట.

ఛందోవ్యసని: అదీ సరిపోతుంది.