మా బుజ్జి అరుపులు, మూత్రం, కొరకడం: ఇది మొండితనమా, మా పెంపకంలో లోపమా?

ప్రశ్న: కూకట్‌పల్లి గృహిణి

మేము హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉంటున్నాము. మా ఇంట్లో రెండేళ్ల నాలుగు నెలల వయసున్న మగ కుక్క ఉంది, పేరు బుజ్జి. పొమేరియన్ అని చెప్పి ఇచ్చారు. నిరుడు 4.6 కిలోలు ఉండేది, ఇప్పుడు 5.5 కిలోలు తూగుతోంది. టీకాలన్నీ సమయానికి వేయిస్తున్నాము. మొదటి ఏడాదంతా ఎంత బుద్ధిగా ఉండేదో, గత ఆరేడు నెలలుగా అంత ఇబ్బంది పెడుతోంది.

కాలింగ్ బెల్ మోగితే చాలు, గొంతు పోయేలా మొరుగుతుంది. పార్సిల్ తెచ్చినవారు వెళ్లిపోయాక కూడా ఐదు నిమిషాలు ఆగదు. ఎదుటి ఫ్లాటులో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే వారున్నారు. వాళ్లు అసోసియేషన్‌కు ఫిర్యాదు చేస్తే, కుక్కను పంపించివేయాలని మాకు ఉత్తరం ఇచ్చారు. రెండో సమస్య, కిందికి తీసుకువెళ్లి తెచ్చిన పది నిమిషాలకే కర్టెన్ అంచు మీదనో, దివాన్ కోడు మీదనో కాలెత్తి కాస్త మూత్రం పోస్తుంది. ఫినాయిల్‌తో ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ అక్కడికే వెళుతుంది.

మూడోది మమ్మల్ని నిజంగా భయపెట్టింది. పోయిన వారం మా ఆరేళ్ల పాప ఎప్పటిలాగే చంకల కింద చేతులు వేసి దానిని ఎత్తుకోబోతే చేతి మీద కరిచింది. పంటి గాటు పడి రక్తం వచ్చింది. వెంటనే పావుగంట సేపు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి టీకా మొదలుపెట్టించాము. ఇదివరకు ఎత్తుకున్నప్పుడు గుర్రుమనేది; మేము గట్టిగా కసిరితే ఆ అలవాటు మానుకుంది. అలాంటిది ఇప్పుడు ఏకంగా కరిచింది.

తిండి విషయంలోనూ పేచీయే. డ్రై ఫుడ్ ముట్టదు, మా అత్తగారి పళ్లెంలోది తప్ప. ఆవిడ ఉప్మా అయినా, పెరుగన్నం అయినా రెండు ముద్దలు పక్కన పెట్టి గాని తినరు. సాయంత్రం టీతో బిస్కెట్లు సరేసరి. ఇంకొకటి, చిన్న విషయమే అనుకోండి, ఆడుకుంటూ ఆడుకుంటూ వెనక ఎడమకాలు ఎత్తిపెట్టి మూడు కాళ్ల మీద రెండు మూడు గంతులు వేసి, మళ్లీ మామూలుగా పరుగెత్తుతుంది. చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది.

ఎండలు ముదురుతున్నాయి కనుక బొచ్చు పూర్తిగా తీయించేద్దామని కూడా అనుకుంటున్నాము. "కుక్క తోక వంకర, దాన్ని మార్చలేరు" అంటున్నారు మా మామగారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: గోదావరి గట్టు

అమ్మా, మాది రాజమహేంద్రవరం. ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో చిన్న కుక్కలు లేని రోజు లేదు. ముందుగా ఒక మాట చెబుతాను, నొచ్చుకోకండి. ఇదే పని ముప్పై కిలోల అల్సేషియన్ చేసి ఉంటే, అది మొదటిసారి గుర్రుమన్నప్పుడే మీరు ఎవరినైనా అడిగి ఉండేవారు. బొచ్చుకుక్క గుర్రుమంటే మనకు నవ్వు వస్తుంది, లేదా కోపం వస్తుంది; అది ఏదో చెబుతోందని మాత్రం తోచదు. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దాన్ని కసిరి మాన్పించారంటే బుజ్జికి ఎత్తుకోవడం ఇష్టమైపోయిందని కాదు, హెచ్చరించకుండా ఊరుకోవడం నేర్చుకుందని. ఇక మిగిలింది పన్నే.

అంతకంటే ముందే అది మీకు వేరే విధంగా చెప్పి ఉంటుంది. పాప దగ్గరకు వచ్చినప్పుడు మొహం పక్కకు తిప్పుకోవడం, తినడానికి ఏమీ లేకుండానే మూతి నాకుకోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తల కదపకుండా కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఇవన్నీ "నన్ను వదిలేయండి" అనడమే. ప్రస్తుతానికి పాప దానిని ఎత్తుకోకూడదు, పెద్దవాళ్లు లేకుండా ఇద్దరినీ ఒకే గదిలో వదలకూడదు. పాప నేల మీద కూర్చుంటే బుజ్జే తనంతట తాను వచ్చి పక్కన చేరాలి. రాకపోతే ఆ రోజుకు అంతే.

బెల్ సంగతి. బుజ్జి వైపు నుంచి ఆలోచించండి: ఎవరో గుమ్మం ముందుకు వచ్చారు, తాను మొరిగింది, వాళ్లు వెళ్లిపోయారు. పార్సిల్ కుర్రాడు ఎలాగూ వెళ్లిపోతాడని దానికి తెలియదు కదా, తానే తరిమానని అనుకుంటుంది. రోజుకు మూడుసార్లు గెలుస్తున్న ఆటను ఎవరు మానతారు? పైగా మీరందరూ "ఊరుకో, ఊరుకో" అని అరిస్తే ఇల్లంతా తనతో కలిసి మొరుగుతోందని సంతోషిస్తుంది. మేము చేసిన పని ఇది. మా బెల్ మోతను ఫోనులో రికార్డు చేసి, వినీ వినపడనంత తక్కువ శబ్దంతో మోగించి, మొరగకముందే ఉడికించిన కోడిమాంసం ముక్క, చిటికెన గోరంత, గుమ్మానికి దూరంగా పరిచిన ఒక చాప మీద వేసేవాళ్లం. రోజుకు రెండు పూటలా, ఐదేసి నిమిషాలు. మొరిగిందంటే శబ్దం ఎక్కువ పెట్టామని అర్థం, ఒక మెట్టు దిగాలి. నెలన్నర పట్టింది. ఈలోగా అసలు బెల్ తీగ ఊడదీసి, వచ్చేవారిని ఫోన్ చేయమని తలుపు మీద కాగితం అంటించాము.

బొచ్చు మాత్రం తీయించకండి. ఈ జాతికి రెండు పొరల బొచ్చు ఉంటుంది. చర్మం దాకా గొరిగిస్తే కొన్నింటికి నెలల తరబడి సరిగ్గా మొలవదు, మచ్చలు మచ్చలుగా మిగిలిపోతుంది. పైగా ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. లోపలి పొరలో ఊడిన నూగును రోజు విడిచి రోజు దువ్వెనతో తీసేస్తే చాలు. అన్నట్టు, 5.5 కిలోలంటే అది పొమేరియన్ కాకపోవచ్చు, ఇండియన్ స్పిట్జ్ అయి ఉంటుంది. మన దేశంలో పొమేరియన్ పేరుతో పెరుగుతున్నవాటిలో చాలా మటుకు అవే. అసలు పొమేరియన్ మూడు కిలోల దగ్గర ఆగుతుంది. దీనివల్ల ప్రేమేమీ తగ్గదనుకోండి.

సమాధానం: విశ్రాంత పశువైద్యుడు

పై సమాధానంలోని శిక్షణ మాటలతో నేను ఏకీభవిస్తాను. అయితే అవన్నీ రెండో అంకం. మీరు చిన్న విషయమని చివరలో రాసిన ఆ మూడు కాళ్ల గంతు దగ్గరే నేను ఆగిపోయాను.

అది ఆట కాకపోవచ్చు. చిన్న జాతి కుక్కలలో మోకాలి చిప్ప తన గాడిలోంచి లోపలి వైపుకు జారడం చాలా తరచుగా కనిపిస్తుంది. చిప్ప జారినప్పుడు కాలు చాచడం సాధ్యం కాదు, కనుక కుక్క దానిని పైకెత్తి రెండు గంతులు వేస్తుంది. కాలు ఒకసారి విదిలించగానే చిప్ప మళ్లీ గాడిలో పడి ఏమీ జరగనట్టే పరుగెత్తుతుంది. చూసేవారికి అలవాటులా, ముచ్చటగా కనిపించేది ఇందువల్లనే. దీనిని తీవ్రతను బట్టి నాలుగు స్థాయిలుగా విభజిస్తారు. మొదటి రెండింటిలో బరువు తగ్గించడం, జారని నేల, తగిన వ్యాయామం సాధారణంగా సరిపోతాయి. మూడు, నాలుగు స్థాయిలలో శస్త్రచికిత్స గురించి ఆలోచించవలసి వస్తుంది. చేత్తో నొక్కి చూసి చెప్పగలిగిన విషయమే కనుక ముందు మీ దగ్గరలోని వైద్యుడికి చూపించండి.

ఇప్పుడు పాప ఎత్తుకునే తీరు ఆలోచించండి. చంకల కింద పట్టుకుని ఎత్తితే బరువంతా ముందు కాళ్ల మీద పడి, వెనక కాళ్లు గాలిలో వేలాడతాయి. నొప్పి ఉన్న కాలు అలా వేలాడితే అది ఏం చేస్తుంది? పెద్దవారు ఎత్తినా సరే, ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకొక చెయ్యి పిరుదుల కింద ఉండాలి. ఉన్నట్టుండి స్వభావం మారిన కుక్కను నా దగ్గరకు తెచ్చినప్పుడు నేను మొదట నొప్పి కోసమే వెతికేవాడిని: మోకాలు, చెవులు, పళ్లు. డ్రై ఫుడ్ ముట్టకపోవడానికి గారాబం ఒక కారణం కావచ్చు, కాని పెదవి పైకెత్తి కోరపళ్లను, వెనక దవడ పళ్లను చూడండి. చిన్న కుక్కలలో పాలకోర ఊడకుండా పక్కనే కొత్త కోర రావడం, ఆ రెంటి సందులో తిండి ఇరుక్కుని గార పట్టడం మామూలే. చిగురు ఎర్రగా ఉంటే గట్టి గింజ నమలడం బాధే. మన పేస్టుతో తోమకండి, అది మింగదగినది కాదు. కుక్కల కోసం ప్రత్యేకంగా వచ్చే పేస్టు ఉంది.

ఉప్మాలో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు ప్రమాదం, కనుక లడ్డూ, పాయసం కూడా వద్దు. ఇంత బరువున్న, ఇంటిపట్టున ఉండే కుక్కకు రోజుకు సుమారు 300 నుంచి 350 కేలరీలు చాలు. నాలుగు మేరీ బిస్కెట్లు పెడితే అందులో నాలుగో వంతు దాకా అయిపోయినట్టే. ఏడాదిలో పెరిగిన ఆ 900 గ్రాములు మనకు లెక్కలోనివి కావు. దానికి అవి నిరుటి బరువులో అయిదో వంతు, మోసేది ఆ మోకాలే. నొప్పి అనిపించిందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ వంటివి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి.

మూత్రం గురించి. నిలువుగా ఉన్న వస్తువుల మీద కొద్దికొద్దిగా పోయడం ఎక్కువగా ఎల్లలు గుర్తు పెట్టుకునే మగకుక్క లక్షణం. గర్భనిరోధక శస్త్రచికిత్స చాలా కుక్కలలో దీనిని తగ్గిస్తుంది, అన్నిటిలోనూ కాదు. అయితే మాటిమాటికీ ముక్కడం, చుక్కలుగా రావడం, ఎర్రటి జీర కనిపించడం ఉంటే అది రాళ్ల లక్షణం కావచ్చు. ఆ పూటే చూపించాలి. ఫినాయిల్ వాసన మన ముక్కును మరిపిస్తుంది గాని దాని ముక్కును మరిపించలేదు. పెంపుడు జంతువుల మూత్రం కోసమే అమ్మే ఎంజైమ్ ద్రావణంతో నానబెట్టి తుడవండి.

సమాధానం: భీమిలి రోడ్డు

పెద్దలు వైద్యం చెప్పారు, నేను అసోసియేషన్ ఉత్తరం గురించి చెబుతాను. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సభ్యులంతా కలిసి తీర్మానించినా సరే, పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదు. ఆ సంగతి మర్యాదగా రాతపూర్వకంగా తెలియజేయండి. కాని దానితోపాటు ఎదుటి ఫ్లాటు వారింటికి స్వయంగా వెళ్లి, వారు నిద్రపోయే వేళలు అడిగి, ఆ గంటలలో బెల్ ఆపుతామని చెప్పిరండి. నా విషయంలో కాగితం కన్నా ఆ పది నిమిషాలే ఎక్కువ పని చేశాయి. పార్సిల్ వచ్చినప్పుడు కుక్కను బాల్కనీలో పెట్టి తలుపు వేస్తే గొడవ ఉండదని కూడా నా అనుభవం.

సమాధానం: గోదావరి గట్టు

బాల్కనీ మాట ఒప్పుకోలేను. అక్కడి నుంచి వీధిలోకి చూసి మొరగడం ఇంకొకటి మొదలవుతుంది, వేసవిలో ఆ గచ్చు కాలిపోతుంది కూడా. పడకగదిలో పెట్టండి, ఫ్యాను వేసి. ఇంకొకటి మరిచాను, మెడకు బెల్టు వేసి గొలుసు లాగకండి. చిన్న కుక్కల శ్వాసనాళం మెత్తన, బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది. ఛాతీకి వేసే హార్నెస్ తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు: కూకట్‌పల్లి గృహిణి

అందరికీ నమస్కారాలు. ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. డాక్టరు గారు కాలు చేత్తో కదిపి చూసి, ఎడమ మోకాలి చిప్ప రెండో స్థాయిలో జారుతోందని చెప్పారు. ఆయన నొక్కినప్పుడు నా వేలు కూడా అక్కడ పెట్టించారు. చర్మం కింద చింతగింజంత ఎముక టక్కుమని పక్కకు జరిగి, మళ్లీ తన చోటికి వచ్చింది. బుజ్జి అరవలేదు, మూతి మాత్రం నాకుకుంది. ఇన్ని నెలలు ముచ్చటగా ఉందని దానిని వీడియోలు తీసి చుట్టాలకు పంపిన మాట తలచుకుంటే నాకు చాలా సిగ్గుగా ఉంది. కుడివైపు పైకోర పక్కన పాలకోర కూడా అలాగే ఉంది. వచ్చే నెల మత్తు ఇచ్చి అది తీసి, గార శుభ్రం చేస్తారు. గర్భనిరోధక ఆపరేషను కూడా అప్పుడే చేయించమన్నారు.

హాలులో నున్నని టైల్స్ మీద యోగా చాపలు కోసి దారిగా పరిచాము, పాదాల కింద పెరిగిన వెంట్రుకలు కత్తిరించాము, సోఫా ముందు ఎత్తుపీట వేశాము. బరువు 5.2కు దిగింది. బెల్ విషయంలో ఫోను మోతకు చాప మీదికి వెళుతోంది గాని, నిజం బెల్‌కు ఇంకా మొరుగుతూనే ఉంది. పోనీ ఐదు నిమిషాలు కాస్తా ఒకటిన్నర అయింది. ఎదుటివారు మధ్యాహ్నం రెండింటి దాకా పడుకుంటారట, అప్పటివరకు బెల్ తీసేస్తున్నాము. కర్టెన్ మీద మానింది, దివాన్ కోడును మాత్రం వదలలేదు.

పాప ఇప్పుడు నేల మీద కూర్చుని బొమ్మలు వేసుకుంటుంది. మొన్న బుజ్జి వచ్చి పాప మోకాలికి వీపు ఆనించి పడుకుంటే, పాప చెయ్యి వేయకుండా నా వైపు చూసి "అమ్మా, ముట్టుకోవచ్చా?" అని అడిగింది. మా అత్తగారు మాత్రం పళ్లెంలోంచి పెట్టడం మానలేకపోయారు. ఉప్పు వేయకుండా ఉడికించిన క్యారెట్ ముక్కలు నాలుగు ముందే తన పళ్లెంలో ఓ పక్కగా పెట్టుకుని కూర్చుంటున్నారు.