మెదడులో ఏవీఎం పుట్టుకతో వచ్చేదేనా? కరపత్రంలో ఏమని రాయాలి?

రాయగడ_కరపత్రం

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఉన్న తెలుగు కుటుంబాల కోసం మెదడు ఏవీఎం (ఆర్టీరియోవీనస్ మాల్ఫార్మేషన్, అంటే రక్తనాళాల వైకల్యం) మీద కరపత్రం తయారవుతోంది. ముసాయిదాలో రెండో వాక్యం "ఇది పుట్టుకతో వచ్చే లోపం" అని ఉంది. ఆ వాక్యం తీసేయాలంటాను.

ధమనిలో రక్తం కేశనాళికల గుండా పోకుండా నేరుగా సిరలోకి పోయే నాళాల ముడి ఇది. ఇంతవరకు ఎవరికీ తగాదా లేదు. ఆ ముడి కడుపులోనే పడిందనడానికి రుజువేది? గర్భిణీ స్కాన్లలో మామూలు ఏవీఎం కనబడటం బహు అరుదు. ఎక్కువమందిలో బయటపడేది ఇరవై, నలభై ఏళ్ల మధ్య. మన ఊళ్లలో "పుట్టుకతో" అని చదవగానే అత్తింటివాళ్లు తల్లినే నిలదీస్తారు, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట బయట తిరిగావా అని. నిరూపణ లేని మాట రాసి ఆవిడ చేత ఆ మాటలు పడనివ్వడం నాకు ఇష్టం లేదు.

బరంపురం_పాథాలజీ

తల్లిని నిందించడం తప్పు. అందులో రెండో మాట లేదు. కానీ దానికోసం వందేళ్ల పరిశీలనను పక్కన పెట్టలేం.

జర్మన్ పాథాలజిస్టు విర్కో 1863 నాటి ఉపన్యాసాల్లో వీటిని కణితుల్లో కలిపాడు. నాళాలు గడ్డలా పెరుగుతున్నాయని అప్పటి నమ్మకం. 1928లో శస్త్రవైద్యులు కుషింగ్, బెయిలీ కణితినీ నాళాల వైకల్యాన్నీ విడదీశారు. వాళ్ల గీటురాయి నేటికీ పనికొస్తుంది: హిమాంజియోబ్లాస్టోమా నిజమైన కణితి, దాని నాళాల మధ్య మెదడు కణజాలం ఉండదు. వైకల్యంలో నాళాల సందుల్లో మెదడు కణజాలం ఉంటుంది, మచ్చకట్టి, పాత రక్తస్రావం మిగిల్చిన హీమోసిడరిన్ అనే ఇనుప మరకతో. అదే ఏడాది మరో శస్త్రవైద్యుడు డాండీ కూడా వీటి మీద వివరంగా రాశాడు. 1966లో మెక్‌కార్మిక్ ఏవీఎం, కావర్నోమా (ఉబ్బిన చిన్న నాళాల గుత్తి), సిర వైకల్యం, కేశనాళికల విస్తరణ వంటి రకాలుగా పంచాడు. ఇవన్నీ పిండంలో నాళాల అల్లిక విడిపోయి ధమనులూ సిరలూ అయ్యే దశలో జరిగిన పొరపాటన్న ఆలోచన మీదే నిలిచాయి. మెదడు నడిమిలో ఉండే గేలెన్ సిర వైకల్యమైతే కడుపులో బిడ్డ ఉండగానే కలర్ డాప్లర్‌లో (రక్తప్రవాహం చూపే స్కాన్‌లో) కనిపిస్తుంది, పుట్టిన వెంటనే గుండె వైఫల్యం తెస్తుంది. అది కూడా పుట్టుకది కాదంటారా?

పర్లాకిమిడి_రేడియాలజీ

గేలెన్ సిరది పుట్టుకదే. పిండ దశలో మాయమవ్వాల్సిన సిర ఒకటి మిగిలిపోయి ఉబ్బుతుంది. దాన్ని చూపించి పాతికేళ్ల మనిషి మెదడు పెరైటల్ (పై వెనుక) భాగంలో ఉన్న ముడి కూడా అలాంటిదేనంటే ఒప్పుకోను.

పాథాలజీ మేడం మర్యాదగా వదిలేసిన విషయం ఒకటుంది. కోసి తీసిన ముక్క ఆ ఒక్క రోజు స్థితినే చూపిస్తుంది. అది పెరుగుతోందా లేదా అన్నది ఆ గాజు పలక మీద తెలియదు. కాలంతో మార్పు తెలియాలంటే బతికున్న మనిషి నాళాలు మళ్లీ మళ్లీ చూడాలి. 1927లో లిస్బన్‌లో మోనిజ్ మెడలోని కెరోటిడ్ ధమనిలోకి సోడియం అయొడైడ్ ఎక్కించి ఎక్స్‌రే (యాంజియోగ్రామ్) తీశాకే అది మొదలైంది. అంతకు ముందు కణితి అనుకుని పుర్రె తెరిస్తే రక్తం ఆగేది కాదు. రక్తం తెచ్చే ధమనిని మాత్రం కట్టేస్తే కొన్నాళ్లకే పక్క ధమనులు ఉబ్బి అదే ముడికి రక్తం అందించేవి. ముడిలో అడ్డు తక్కువ కాబట్టి చుట్టుపక్కల రక్తమంతా అటే వాలుతుంది. మొత్తం ముడి తీస్తేనే ఫలితమని 1932లో స్టాక్‌హోమ్‌లో ఒలివెక్రోనా చేసి చూపించాడు.

యాంజియోగ్రాములు పోగుపడ్డాక మూడు సంగతులు తేలాయి. కొన్ని ముడులు పెరుగుతాయి. కొన్ని, అరుదుగా, వాటంతట అవే మూసుకుపోతాయి. పూర్తిగా తీసేశామని యాంజియోగ్రామ్ తేల్చిన పిల్లల్లో కొందరికి ఏళ్ల తర్వాత అదే చోట మళ్లీ వస్తాయి. మునుపటి ఎంఆర్‌ఐ మామూలుగా ఉన్నవారిలో కొత్తగా పుట్టినవీ నమోదయ్యాయి.

జయపురం_జన్యు

2018లో వచ్చిన ఫలితం ఇక్కడ చెప్పకపోతే చర్చ సగమే. ఏవీఎం కణజాలం పరీక్షించిన 72 మందిలో 45 మందికి కేఆర్‌ఏఎస్ జన్యువులో మార్పు దొరికింది. పోల్చి చూసిన 21 రక్త నమూనాల్లో ఒక్కదానిలోనూ లేదు. అంటే అది తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, ఆ నాళాల లోపలి పొర కణాల్లోనే తర్వాత పుట్టింది. పైగా అది కాన్సర్లలో బాగా తెలిసిన జన్యువు. విర్కో మరీ దారి తప్పలేదని నాకనిపిస్తుంది. ఏఎల్‌కే1 అనే ఇంకో జన్యువు సంగతీ చూడండి: ఎదిగిన ఎలుకల్లో దాన్ని తీసేస్తే చర్మంలో ఏవీఎం వచ్చింది గాయం చేసిన చోటనే. జన్యులోపం ఒక్కటే చాలలేదు, నాళాలు కొత్తగా మొలిచే ప్రేరణ కూడా కావలసి వచ్చింది.

బరంపురం_పాథాలజీ

ఇక్కడ తొందరపడకండి. రక్తంలో లేనంత మాత్రాన ఆ మార్పు పుట్టిన తర్వాత వచ్చిందని కాదు. పిండంలో నాళాలు ఏర్పడుతున్న వారాల్లో ఒక కణంలో మార్పు వచ్చి, ఆ కణం సంతతి ఒక్క చోటే మిగిలినా ఫలితం ఇలాగే కనబడుతుంది. ఎప్పుడు వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు. కణితి అనడానికీ నేను ఒప్పుకోను, దీని నాళాల సందుల్లో మెదడు కణజాలం ఉంటుంది.

రాయగడ_కరపత్రం

అంటే "పుట్టుకతో" అని తేల్చి రాయడానికి మీ దగ్గరా ఆధారం లేదన్నమాటే కదా మేడం. పైగా పెరిగేదని రాస్తే అందరూ ఆపరేషన్‌కు పరుగెడతారేమో. ఆ సంగతి?

పర్లాకిమిడి_రేడియాలజీ

అది వేరే తగాదా, చిన్నగా చెప్తాను. 1990 నాటి ఫిన్లాండ్ లెక్కలో రక్తస్రావం ప్రమాదం ఏడాదికి సుమారు 4 శాతం. 2014లో వచ్చిన అరూబా పరీక్షలో చిట్లని ఏవీఎం ఉన్న 223 మందిని సగటున 33 నెలలు చూశారు. మందులతోనే ఉంచినవాళ్లలో 10.1 శాతం మందికి, ముడి మీద చికిత్స చేసినవాళ్లలో 30.7 శాతం మందికి పక్షవాతమో మరణమో. కానీ ఆపరేషన్ మాత్రమే చేయించుకున్నవాళ్లు అందులో అతి కొద్దిమంది, ముప్పై ఏళ్ల మనిషికి 33 నెలలు ఏపాటి? చిట్లినవాటికి ఈ లెక్క అసలు వర్తించదు.

కరపత్రానికి అంతకంటే అవసరమైనవి ఇవి. రక్తస్రావం అయిన వారంలో తీసిన యాంజియోగ్రామ్‌లో ఏమీ కనబడకపోతే నిశ్చింత పడకూడదు. గడ్డకట్టిన రక్తం ముడిని నొక్కేసి ఉండొచ్చు, గడ్డ కరిగాక మళ్లీ తీయాలి. పిల్లలకు ఆపరేషన్ తర్వాత యాంజియోగ్రామ్ శుభ్రంగా ఉన్నా, కొన్నేళ్ల తర్వాత ఇంకోటి తీయించాలని రాయండి. పుట్టుకతో వచ్చి తీసేశాక అయిపోయే జబ్బని నమ్మినవాళ్లే ఆ రెండో పరీక్ష మానేస్తారు. బరంపురమో విశాఖో వెళ్లేటప్పుడు ఫిల్మ్ ఫోటో ఫోన్‌లో పెట్టుకుపోతే చాలదు, సీడీ కావాలి. ఎక్కించిన మందు ఇంకా ధమనుల్లో ఉండగానే సిర కూడా నిండటం కదిలే బొమ్మలోనే తెలుస్తుంది.

బరంపురం_పాథాలజీ

పిల్లల మాట నిజం. ఆ వాక్యాన్ని ఇలా మార్చితే నాకు అభ్యంతరం లేదు: "కారణం పూర్తిగా తేలలేదు. చాలామందిలో నాళాల కణాల్లో జన్యు మార్పు కనబడింది. తల్లి తిండికీ గ్రహణానికీ సంబంధం లేదు." "పిండ దశలోనే మొదలై ఉండవచ్చు" అన్న మాట మాత్రం ఉండాలి, అది తీసేస్తే నేను ఒప్పుకోను.

జయపురం_జన్యు

నేను ఆ మాట ఉంచడానికి ఒప్పుకోను, కానీ ఇంకొకటి చేర్చండి. ఇంట్లో ఒకరికి ఏవీఎం ఉందని అన్నదమ్ములందరికీ స్కాన్ అక్కర్లేదు. తరచూ ముక్కులోంచి రక్తం, పెదవుల మీద ఎర్ర చుక్కలు, ఇంట్లో ఇంకొకరికీ అవే ఉంటే అది హెచ్‌హెచ్‌టీ అనే రక్తనాళాల జబ్బు కావచ్చు. అది వంశపారంపర్యం, అప్పుడు రక్తసంబంధీకులందరినీ చూపించాలి, ఊపిరితిత్తులతో సహా. ఒకే మెదడులో కావర్నోమాలు చాలా ఉన్నా కుటుంబ చరిత్ర అడగాలి.