రాత్రంతా కప్పల లొల్లి, వాకిట్ల పాము, బ్లీచింగ్ చల్లొచ్చా?

పానగల్ కొత్తిల్లు:
అందరికి నమస్తే. మాది నల్లగొండ, పానగల్ ఉదయసముద్రం దగ్గర్ల ఎండాకాలం ఇల్లు కట్టుకొని వచ్చినం. మొన్న పెద్దవాన పడ్డకాడి నుంచి ఇంటెనక గుంతల నీళ్లు నిలిచి రాత్రంతా కప్పలు ఒకటే అరుపు, చిన్నపాప నిద్రపోతలేదు. పొద్దుగాల చూస్తే పసుపు పూసినట్టున్నయి, గొంతుకు రెండు పక్కల నీలం బుడగలు ఉబ్బుతున్నయి, విషం కప్పలేమో అని మా అత్తమ్మ భయపడుతున్నది. బాత్రూం గోడకు ఇంకో సన్నకప్ప అతుక్కొని ఉండె, రాత్రి వాకిట్ల పాము గూడ కనవడ్డది. పక్కింటాయన బ్లీచింగ్ పౌడర్ చల్లమంటున్నడు, చల్లొచ్చా?

వనపర్తి రైతు:
అక్కా, దండం పెడత, బ్లీచింగ్ మాత్రం చల్లకుర్రి. కప్ప తోలుతోని గూడ గాలి పీలుస్తది, నీళ్లు గూడ తోలుతోనే గుంజుకుంటది, ఆ మందు తగిలితే చస్తయి. మీరు చూసినయి బోదురుకప్పలు. మామూలప్పుడు ఆకుపచ్చగ, మట్టిరంగుల ఉంటయి, తొలి పెద్దవానలకు మగవి గట్ల పసుపురంగు తిరిగి ఆడకప్పల కోసం అరుస్తయి. కొన్ని రాత్రులే, తర్వాత రంగు దిగుతది, లొల్లి తగ్గుతది. పొలంల పురుగును తినేవి ఇవే. ఒకప్పుడు వీటి కాళ్లు కోసి విదేశాలకు పంపేటోళ్లు, 1987ల ఎగుమతి బంద్ చేసిన్రు. గోడకున్నది చెట్టుకప్ప, వేళ్ల కొసలకు గుండ్రటి బిళ్లలుంటయి చూడుర్రి. మగ్గు బోర్లించి కింద అట్టముక్క జరిపి బయట చెట్టుకాడ విడువుర్రి.

హాలియా:
పాము ఒంటిమీద గళ్లు గళ్లు ఉంటే నీరుకట్టె, విషం లేదు, కప్పల కోసమే వచ్చింది. కానీ చీకట్ల మనం పోల్చుకోలేం, కట్లపాము తిరిగేది గూడ రాత్రే, అందుకని దగ్గరికి పోవద్దు. కరిస్తే మంత్రాలు గింత్రాలు అనకుండ సక్కగ పెద్ద దవాఖానకు పోవాలె. వాకిట్ల లైటు రాత్రంతా ఉంచకుర్రి, లైటుకు పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాము. బాత్రూం తూముకు జాలి పెట్టుర్రి, తలుపు కింద సందు మూయుర్రి, గోడకానుకొని ఇటుకలు కట్టెలు ఉంటే తీసెయ్యుర్రి.

పాలమూరు పెద్దమనిషి:
బిడ్డా, మేం చిన్నప్పుడు వానలు పడకుంటే కప్పను రోకలికి కట్టి, యాపమండలు పెట్టి, ఇల్లిల్లు తిరిగి కప్పతల్లి ఆడేటోళ్లం, ఇంటింటికి బిందెడు నీళ్లు పోసేటోళ్లు. కప్ప అరిస్తే సంబురపడ్డ ఊర్లు మనవి. ఆ గుంత ఇప్పుడే పూడ్చకు, గుడ్లు పెట్టి ఉంటయి. దోమలని భయపడకు, బోదురుకప్ప పిల్లలు దోమపిల్లలను తింటయి. సంపుకు మాత్రం మూత పెట్టు.

పానగల్ కొత్తిల్లు:
అందరికి థాంక్స్. బ్లీచింగ్ చల్లలే, నిన్న లైటు గూడ బంద్ చేసినం. పొద్దుగాల గుంత ఒడ్డుకు పోయి చూస్తే నీళ్ల మీద జిగురు జిగురుగ, దాంట్ల ఆవాల లెక్క నల్లచుక్కలు పరుచుకొని ఉన్నయి, గుడ్లు అయ్యేనా? ఇయ్యాల ఎండ గట్టిగున్నది, గుంత ఎండుతుంటే బిందెతో బోరు నీళ్లు పోయొచ్చా?