గ్రిగ్నార్డ్‌లోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే బెంజోయిక్ యాసిడ్ ఎందుకు తక్కువొస్తోంది?

పర్లాకిమిడి_ల్యాబ్:
బ్రోమోబెంజీన్ 7.85 గ్రా., మెగ్నీషియం 1.3 గ్రా., డ్రై ఈథర్ 40 మి.లీ. అయోడిన్ పలుకు వేస్తే రియాక్షన్ బాగానే అందుకుని గ్రిగ్నార్డ్ (ఫినైల్ మెగ్నీషియం బ్రోమైడ్) తయారవుతోంది. ఇక్కడ డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) దొరకదు, సిలిండర్ గ్యాసే మామూలు గది వేడిలో ఫ్లాస్కులోకి వదులుతున్నాం. యాసిడ్ ఒకటిన్నర గ్రాము దాటట్లేదు. బైకార్బనేట్‌లో కరగని తెల్లపొడి మాత్రం బోలెడు, 160 డిగ్రీల దగ్గర కరుగుతోంది. ఏమిటది?

బరంపురం_ఆర్గానిక్:
ట్రైఫినైల్‌మెథనాల్ అయ్యుంటుందండి, దాని మెల్టింగ్ పాయింట్ 162. గ్యాస్ మెల్లగా వెళ్తున్నంతసేపూ ఫ్లాస్కులో గ్రిగ్నార్డ్‌దే పైచేయి. అప్పుడే తయారైన కార్బాక్సిలేట్ (బెంజోయిక్ యాసిడ్ ఉప్పు) మీద అదే మళ్లీ పడి బెంజోఫెనోన్, దాన్నుంచి ఈ ఆల్కహాల్ వస్తాయి. చల్లగా ఉంటే కార్బాక్సిలేట్ జోలికి అంతగా పోదు.

వరస తిప్పండి: డ్రై ఐస్ మీద గ్రిగ్నార్డ్ పొయ్యాలి. లెక్కకి 2.2 గ్రాములు చాలు, అయినా 30 తీసుకోండి. పొడిగుడ్డలో చితక్కొట్టిన వెంటనే వాడెయ్యాలి. వానాకాలం మన వైపు గాలికి చూస్తుండగానే దానిమీద తేమ పేరుకుంటుంది, ఆ నీళ్లు తగిలిన గ్రిగ్నార్డ్ బెంజీనైపోతుంది. డ్రై ఐస్ పూర్తిగా ఎగిరిపోయాక 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 25 మి.లీ. ఈథర్ పొరని 5 శాతం కాస్టిక్ సోడాతో రెండుసార్లు తీస్తే బెంజోయిక్ యాసిడ్ కాస్టిక్ పొరలోకి దిగుతుంది, బైఫినైల్ (పక్కన పుట్టే ఇంకో మలినం), ఆల్కహాల్ ఈథర్లోనే ఉండిపోతాయి. కాస్టిక్ పొరలో మిగిలిన ఈథర్‌ని వేడినీళ్ల మీద పోగొట్టి, చల్లార్చి హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలపండి, బెంజోయిక్ యాసిడ్ విడిపడుతుంది. పూర్తిగా వస్తే 6.1 గ్రాములు. 4 వచ్చినా మంచిదే.

రాయగడ_గ్యాస్:
డ్రై ఐస్ సిలిండర్ నుంచే తియ్యొచ్చు మాస్టారూ. అడుగుదాకా గొట్టం ఉండే సైఫన్ సిలిండర్ కావాలి, మామూలుదాన్ని నిలబెట్టి తెరిస్తే గ్యాసే వస్తుంది. రెగ్యులేటర్ పెట్టొద్దు. మందపాటి గుడ్డసంచిలోకి వదిలితే పొడిమంచు పడుతుంది. తోలు గ్లవ్స్ ఉండాలి. ఆ ధారకి స్టాటిక్ పుడుతుంది, ఈథర్ ఉన్న గదిలో ఈ పని పెట్టుకున్నారో నిప్పంటుకుంటుంది. ఆరుబయటే చెయ్యండి.

పర్లాకిమిడి_ల్యాబ్:
సైఫన్‌ది దొరక్కపోతే?

బరంపురం_ఆర్గానిక్:
గ్యాస్‌ని గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, ఆపైన కాల్షియం క్లోరైడ్ గుండా పంపండి. యాసిడ్ సీసాకి అటూ ఇటూ ఖాళీ సీసాలు పెట్టాలి, వెనక్కి పీల్చినా యాసిడ్ వాటిలోనే ఆగుతుంది. ఐసు-ఉప్పులో పెట్టిన ఫ్లాస్కులో ఒట్టి ఈథర్ పోసి ముందు దానికి గ్యాస్ పట్టించండి, తర్వాత గ్యాస్ ఆపకుండా గ్రిగ్నార్డ్‌ని చుక్కచుక్కగా వదలండి. గ్యాస్ గొట్టం సన్నగా ఉంటే మెగ్నీషియం ఉప్పు పేరుకుని మూతిపడుతుంది, వెడల్పుది పెట్టండి.